దారిలో దిగని మనిషి

మా తమ్ముడు ఇరవై తొమ్మిదేళ్లు ఊళ్లో బస్సు నడిపాడు. అన్నేళ్లలో, ఆఖరి ట్రిప్పు దాకా, ఒక్కసారి కూడా దారి మధ్యలో బస్సాపి మరుగుదొడ్డికని దిగలేదు. డిపోలో వాడికి గడియారం అని పేరు. టైముకు వస్తాడు కాబట్టి ఆ పేరు పెట్టారని ప్రయాణికులు అనుకునేవారు. తోటి డ్రైవర్లకు అసలు సంగతి తెలుసు. వాడి పొట్ట కూడా వాడు చెప్పిన వేళకే నడుస్తుందని వాళ్లు చెప్పుకుని నవ్వేవారు.

ఇలాంటివి రాయకూడదంటుంది మా మరదలు, వాడి భార్య. నోట్లో పెట్టుకునేదాన్ని రంగురంగుల కవర్ల మీద బొమ్మలేసి మరీ చూపిస్తారు, ఆ తర్వాత దాని గతేమిటో చెబితే మాత్రం ముక్కు మూసుకుంటారు. నేను చదివింది మూడో తరగతి. కుట్టింది యాభై ఏళ్లు. ఊళ్లో సగం మంది నడుములకు టేపు చుట్టినదాన్ని, నాకు సిగ్గేమిటి?

వాడు నాకంటే పదమూడేళ్లు చిన్న. అమ్మ పోయేనాటికి వాడికి పాలపళ్లు కూడా ఊడలేదు. కుట్టుమిషను కింద, నా కాళ్ల దగ్గర గుడ్డపేలికలతో ఆడుకుంటూ పెరిగాడు. అన్నం ముద్ద చేత్తో పట్టుకుని వీధంతా తిరిగితే గాని తినేవాడు కాదు. వాడికి డ్రైవరు ఉద్యోగం వచ్చిన రోజున యూనిఫాం నేనే కుట్టాను. బూడిదరంగు ప్యాంటు, అదే రంగు చొక్కా. నడుం ముప్పై.

వాడి రూటు రైల్వేస్టేషను నుంచి ఊరవతల ఫ్యాక్టరీ షెడ్ల దాకా. వెళ్లడానికి గంటా యాభై నిమిషాలు, రావడానికి అంతే. ఆ చివర ఒక రేకుల పంచ, ఒక సిమెంటు బల్ల, తిప్పితే గాలి కూత వేసే కుళాయి. మరుగుదొడ్డి అన్న మాటే లేదు. బస్సు తిప్పుకోవడానికి ఇచ్చేది ఆరు నిమిషాలు.

చేరిన కొత్తలో ఒక వేసవి మధ్యాహ్నం చొక్కా విప్పి నడుముకు కట్టుకుని, గోడ పక్కనుంచి నడుచుకుంటూ నా ఇంటికొచ్చాడు. పైన బనీను మాత్రమే. ఏమైందిరా అని అడగ్గా అడగ్గా చెప్పాడు. బస్సు నిండా జనం, ట్రాఫిక్కు కదలదు, వాడు సీట్లోంచి లేవలేకపోయాడు. అందరూ దిగిపోయేదాకా అలాగే కూర్చున్నాడట. ఆ ప్యాంటు నేనే ఉతికాను.

"ఎవరికీ చెప్పకక్కా," అన్నాడు.

"చెప్పనులేరా."

"ఇంకోసారి ఇలా జరిగితే నేను బతకను."

మళ్లీ జరగలేదు. జరగకుండా వాడొక విద్య కనిపెట్టాడు. ఇంట్లో వండిన తిండి కడుపులోకి పోయి గొడవ చేస్తుంది, బయటికి పంపమని అడుగుతుంది. ప్యాకెట్లో వచ్చింది ఏమీ అడగదు, పెట్టినచోట పడి ఉంటుంది. ఇదీ వాడి సిద్ధాంతం. అందుకని పొద్దున ఏమీ తినడు. మొదటి ట్రిప్పుకు క్రీము బిస్కెట్లు, రెండోదానికి ప్లాస్టిక్ కవరులో కేకు, మధ్యలో చిప్సు. నీళ్లు తాగితే దిగాలి కాబట్టి రంగు కూల్‌డ్రింకు, అదీ సీసా మూతతో కొలుచుకుని గొంతు తడుపుకునేవాడు. మూడు రోజులకోసారి, నాలుగు రోజులకోసారి, సెలవునాడు తీరిగ్గా వెళ్లేవాడు. దాన్ని ఒక ఘనతలాగా చెప్పేవాడు.

కడుపులో చల్ల కదలకుండా బతకడం అంటారే, మా వాడు ఆ మాటను అక్షరాలా పట్టుకున్నాడు.

నేనేం చేశానో కూడా చెప్పాలి. ప్యాకెట్లు నలగకుండా ఉండాలని చొక్కా లోపలివైపు రెండు జేబులు కుట్టి ఇచ్చాను. వాడు మురిసిపోయాడు. నేనూ మురిసిపోయాను. మా తమ్ముడు తలవంచుకునే పని లేదు కదా అనుకున్నాను. అవి చూసి డిపో నుంచి ఇంకో పదకొండు మంది వచ్చి అలాగే కుట్టించుకున్నారు. అందులో నిచ్చెన అని పిలిచే ఒక పొడుగు డ్రైవరు, మా వాడి శిష్యుడు, నాలుగు జేబులు కావాలన్నాడు.

"నాలుగెందుకయ్యా, దుకాణం పెడతావా?"

"గురువుగారి రూటు కంటే నాది ఇరవై నిమిషాలు ఎక్కువ అక్కా!"

అందరం నవ్వుకున్నాం.

ఏళ్లు గడిచాయి. వాడి నడుం ముప్పై నుంచి ముప్పై ఆరైంది, నలభై అయింది. అది వింత కాదు, కూర్చుని పనిచేసే మగవాళ్లందరికీ పెరిగేదే. వింత ఏమిటంటే, ఒకసారి పొద్దున కొలత తీసుకుని, అనుమానమొచ్చి సాయంత్రం మళ్లీ టేపు పెట్టాను. మూడంగుళాలు తేడా. పొట్ట మీద వేలితో కొడితే డప్పులా మోగింది. నేను కొలిచింది మనిషినా, గాలి తిత్తినా అని నాకే సందేహం వచ్చింది.

"ఒరేయ్, కాస్త కూరా నారా తినరా. ఓ పండు తిను. పెరుగు తిను."

"తిని ఎక్కడికి పోను? స్టీరింగు పట్టుకుని పొదల్లోకి పోనా?"

ఓసారి బాగుచేయమని ఇచ్చిన పాత చొక్కా జేబులో మర్చిపోయిన కేకు దొరికింది. ఆ చొక్కా నా దగ్గర పడి మూడు నెలలైంది. కవరు చింపి నొక్కి చూశాను. నిన్న కొన్నట్టే మెత్తగా ఉంది. పట్టుకెళ్లి వాడి ముందు పెట్టాను.

"మూడు నెలలు జేబులో ఉండి చెక్కుచెదరనిది, నీ కడుపులో ఏం కరుగుతుందిరా?"

వాడు దాన్ని నోట్లో వేసుకుని నమిలాడు. "బాగానే ఉందక్కా," అన్నాడు. పంతం మా వంశంలోనే ఉంది, ఎవరినని ఏం లాభం?

కిందటేడు మొదట్లో ప్యాంటు వదులైందని తెచ్చాడు. నలభై నుంచి ముప్పై ఎనిమిదికి కుదించాను. రెండు నెలలకు మళ్లీ తెచ్చాడు, ముప్పై ఆరు. వర్షాలు మొదలయ్యేసరికి ముప్పై నాలుగు. డిపోలో అందరూ మెచ్చుకున్నారు. కుర్రాడివైపోయావు, రహస్యం చెప్పు అన్నారు. మా మరదలు నోట్లో నాలుక లేని మనిషి. అది కూడా సంబరపడి, "చూశావా వదినా, పెళ్లినాటి నడుం వచ్చింది," అంది.

నేను సంబరపడలేదు. తిండి తగ్గించనివాడు, నడక ఎరగనివాడు ఉత్తినే చిక్కడు. పైగా మనిషి పాలిపోయాడు. పెదవులకూ బుగ్గలకూ ఒకటే రంగు. నా ఇంటి మెట్లు తొమ్మిదే, ఐదో మెట్టు మీద ఆగి ఊపిరి తీసుకున్నాడు.

నాలుగోసారి ప్యాంటు తెచ్చినప్పుడు కుట్లు విప్పడానికి తిరగేశాను. కూర్చునే చోట, లోపలివైపు మరక. ఉతికినా పోని మరక. అక్కడక్కడ కాదు, ఒకదాని మీద ఒకటి, పాతదీ కొత్తదీ. బట్టతో బతికినదాన్ని, ఏ మరక దేనిదో నాకు ఒకరు చెప్పక్కర్లేదు, అది నెత్తురు. నా చేతిలో కత్తెర ఆగిపోయింది.

సాయంత్రం వాడు రాగానే ప్యాంటు ముందు పడేశాను.

"ఎన్నాళ్ల నుంచి?"

"మొలలక్కా."

"ఎన్నాళ్ల నుంచి రా అంటున్నాను."

"రెండేళ్లుంటుంది. డిపోలో మొలలు లేనివాడెవడు? ఇంజను మీద కూర్చునే పని. మాలో అది రాకపోతే ఇంకా పూర్తి డ్రైవరు కాలేదంటారు."

"డాక్టరు చెప్పాడా మొలలని?"

"డాక్టరెందుకు, నిచ్చెనకీ ఉన్నాయి. మందు వాడే చెప్పాడు."

నాకు ఒళ్లు మండింది. "వాడు నిచ్చెనా, నీ వైద్యుడా? ఒకడి కంట్లో పువ్వుంటే ఊరందరి కళ్లకూ ఒకటే చుక్కలమందా?"

"అరవకక్కా. ఇంకో ఏడు నెలల్లో ముప్పై ఏళ్లు నిండుతాయి. ముప్పై ఏళ్లలో ఒక్క ట్రిప్పు కూడా తప్పనివాడు మా డిపోలో ఇంతవరకు లేడు. అది అయ్యాక నువ్వెక్కడికి రమ్మంటే అక్కడికొస్తా."

"ఏడు నెలలు ఆగుతుందో లేదో దాన్ని అడిగావా?"

వాడు ప్యాంటు మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. అడ్డాలనాడు బిడ్డలు గాని గడ్డాలనాడు బిడ్డలా అంటారు. చంకనేసుకుని ఆస్పత్రికి తీసుకుపోయే వయసు దాటిపోయింది.

మర్నాడు పొద్దున రైల్వేస్టేషనుకు పోయి వాడి బస్సెక్కాను. వాడి వెనకే ముందు సీట్లో కూర్చున్నాను. ట్రిప్పు అయ్యాక ఆస్పత్రికి రాకపోతే డిపో మేనేజరు ముందు ఆ ప్యాంటు సంగతంతా చెబుతానని నా పట్టుదల. వాడు అద్దంలోంచి నన్ను చూసి బస్సు స్టార్టు చేశాడు. నలభై నిమిషాలు బాగానే నడిపాడు. పెద్ద వంతెన దిగాక మెడ మీద చెమట కారడం చూశాను. కిటికీలోంచి చల్లగాలి కొడుతోంది, చెమట పట్టే కాలం కాదు. గేరు మార్చే చేయి పొట్ట మీదికి పోయి, మళ్లీ గేరు మీదికి వచ్చింది. అలా నాలుగుసార్లు. ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడు నుదురు స్టీరింగుకు ఆనించాడు. దీపం ఆకుపచ్చగా మారింది, వెనక హారన్లు మోగాయి. వాడు తల ఎత్తలేదు.

"తమ్ముడూ," అన్నాను.

ఉలిక్కిపడి బస్సు కదిలించాడు. బస్సులో అరవై మంది ఉన్నారు. వాళ్లలో ఎవరూ వాడి ముఖం చూడటం లేదు. ఫోను చూసుకునేవాళ్లు, కునికేవాళ్లు, నవ్వుకునేవాళ్లు. 

ఇంకో రెండు స్టాపులు పోయాక పెట్రోలు బంకులోకి తిప్పి బస్సు ఆపేశాడు. ఇరవై తొమ్మిదేళ్లలో మొదటిసారి. ఎవరినీ చూడకుండా దిగి, వంగి నడుస్తూ వెనకున్న మరుగుదొడ్డిలోకి పోయాడు. జనం గొణగడం మొదలెట్టారు.

"ఏంటండీ ఇది, ఆఫీసులు లేవా మాకు?"

"ఆయన గడియారం కదా, కీ అయిపోయిందేమో!" అన్నాడొకడు. కొందరు నవ్వారు.

"నీ ఇంటికాడ నవ్వుకో నాయనా," అని దిగాను.

తలుపు మీద రేకు తుప్పు పట్టి ఉంది. కొట్టాను.  రెండోసారి కొట్టాక లోపలి నుంచి మూలుగు లాంటి గొంతు.

"ఎంతసేపైంది?"

"పన్నెండు నిమిషాలు."

లోపల నీళ్లు పడుతున్న చప్పుడు, చాలాసేపు.

"అక్కా. డిపోకి ఫోను చెయ్యమను. వేరే డ్రైవర్ని పంపమను."

ఆ మాట విన్నాక నాకు ఇంకేమీ అడగాలనిపించలేదు.

ఆస్పత్రిలో గొట్టానికి కెమెరా పెట్టి చూశారు. పెద్దపేగులో గడ్డ. దారి దాదాపు మూసుకుపోయింది. డాక్టరు నడివయసు ఆడమనిషి, నిదానంగా చెప్పింది. ఈ ప్యాకెట్ల వల్లే కదమ్మా అని నేను అడిగాను.

"ఒక్కదాని వల్లే అని చెప్పలేనమ్మా. తిండిలో పీచు లేదు, నీళ్లు లేవు, ఏళ్ల తరబడి బిగబట్టడం. అవేవీ మంచివి కావు. కానీ రెండేళ్లు రక్తం పోతుంటే రాకపోవడం అన్నిటికంటే పెద్ద తప్పు. ఎంతవరకు పాకిందో తెరిచి చూస్తే గాని తెలియదు."

ఆపరేషను ముందురోజు మధ్యాహ్నం నిచ్చెన చూడటానికొచ్చాడు. మంచం చివర నిలబడి టోపీ తిప్పుకుంటూ, "తొందరగా రండన్నా, మీ రూటు మీద కొత్తవాడు రోజూ లేటే," అన్నాడు. ఆ మాట చెబితే రోగికి హుషారొస్తుందని వాడి ఉద్దేశం.

మా తమ్ముడు చేయి ఊపి దగ్గరికి పిలిచాడు. "ఒరేయ్. రేపటి నుంచి దిగు."

"ఎక్కడన్నా?"

"ఎక్కడొస్తే అక్కడ. బస్సాపి దిగు. ఇంటి నుంచి అన్నం తెచ్చుకో, నీళ్లు తాగు. జనం తిడితే తిట్టనీ."

నిచ్చెన నవ్వాడు. "మీరే అనాలన్నా ఆ మాట!" గోడ మీద టైము చూసుకున్నాడు. "నా ట్రిప్పుకు వేళైంది," అని రెండు చేతులూ జోడించి వెళ్లిపోయాడు.

"వాడు వినలేదక్కా," అన్నాడు తమ్ముడు.

"నేను చెబితే నువ్వు విన్నావా?"

అనకుండా ఉండాల్సింది. వాడు ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. నేను వాడి వీపు మీద చేయి వేసి, ఎముకలు తగులుతుంటే అలాగే ఉంచాను.

పొద్దున పదిన్నరకు లోపలికి తీసుకుపోయారు. మూడు గంటలు పడుతుంది, నాలుగైనా కావచ్చు, గాభరా పడొద్దు అని నర్సు చెప్పింది. మరదలూ నేనూ బయట ఇనుప కుర్చీల్లో కూర్చున్నాం. అది నలుగురికీ ఫోన్లు చేసి చెబుతోంది. నేను ఎదురుగా ఉన్న జంట తలుపుల్ని చూస్తూ కూర్చున్నాను.

పదకొండుంపావుకు ఆ తలుపులు తెరుచుకున్నాయి. డాక్టరమ్మ మాస్కు దించుకుంటూ బయటికొచ్చింది.

మరదలి ముఖం వెలిగిపోయింది. నా మోచేయి పట్టుకుని ఊపేసింది. "అప్పుడే అయిపోయింది వదినా! నాలుగు గంటలన్నారు, గంట కూడా పట్టలేదు!"

కోయడానికీ తీయడానికీ మళ్లీ అతకడానికీ గంటలు పడతాయి. విప్పి చూసి, చేయి పెట్టలేక, ఉన్నది ఉన్నట్టు మూసి కుట్టేయడానికి ముప్పావుగంట చాలు. అంత లెక్క నాకు తెలుసు. డాక్టరమ్మ మా వైపే నడిచొస్తోంది, తొందర లేని నడక.

మరదలు లేచి ఎదురెళ్లబోయింది. నేను దాని చేయి పట్టుకుని ఆపాను.

"ముందు కూర్చో," అన్నాను.