మా బావని అతిథి అనలేక

ఒక శనివారం మధ్యాహ్నం, పోదనూరు రైల్వే కాలనీ పక్కనున్న బ్రౌజింగ్ సెంటర్లో కూర్చుని, నా సొంత గది తలుపు మీద నొక్కాను. తలుపు తెరుచుకోలేదు. దాని బదులు ఒక ఎర్ర పలక వచ్చి, ఈ గదిలోకి మీకు ప్రవేశం లేదు అని ఇంగ్లీషులో చెప్పింది. ఆ గోడలకు నీలం రంగు వేసింది నేను. మూలన చేపల తొట్టి పెట్టింది నేను. గుమ్మంలో అడుగు పెట్టగానే వీణ మోగేలా అమర్చిందీ నేనే. మరోసారి నొక్కాను. మళ్ళీ ఎర్ర పలకే.

ఆ రోజుల్లో సొంత గది అంటే ఏమిటో మాకు తెలియదు. రెండు గదుల ఇంట్లో ఆరుగురం. నా బట్టలు కూడా తమ్ముడి బట్టల కిందే ఉండేవి. ఒక తమిళ పత్రికలో ప్రూఫులు దిద్దే ఉద్యోగం అప్పుడే దొరికింది. అలాంటి సమయంలో ఎవరో ఈ బొమ్మల లోకం చూపించారు. అందులో మనకొక బొమ్మ మనిషి, ఆ మనిషికొక గది. మాట్లాడితే తల మీద బుడగలో అక్షరాలు తేలతాయి. గోడలు, నేల, కుర్చీలు, దీపాలు, పాట, ఎవరు లోపలికి రావచ్చు, ఎవరు సామాను జరపవచ్చు, అన్నీ మన ఇష్టమే. జీవితంలో మొదటిసారి ఒక కుర్చీని ఎవరినీ అడక్కుండా జరిపాను. ఆ సుఖం ఇప్పటికీ గుర్తుంది.

గోడ మీద ఒక చెక్క పలక తగిలించి, దాని మీద మా ఇంటిపేరు రాశాను (ఇంగ్లీషు అక్షరాల్లోనే; తెలుగు రాయడం నేను ముప్పై దాటాక నేర్చుకున్నాను). తెలుగు ఇంట్లో వినబడేదే తప్ప కనబడేది కాదు మాకు. ఆ పలక చూసే ఒక రోజు 'వైగై' అనే పేరుతో ఒక అమ్మాయి లోపలికి వచ్చింది. మదురై అట. ఆమె బుడగలో "మీరు తెలుగోళ్ళా? మేమూ అంతే" అని తేలగానే రెండుసార్లు చదువుకున్నాను. మా ఇంటి భాషలో, మా తమిళం కలిసిన ఆ భాషలో, చుట్టం కాని ఒక ఆడపిల్ల నాతో మాట్లాడడం అదే మొదలు. మర్నాడే ఇద్దరు కూర్చునే ఉయ్యాల ఒకటి తెచ్చి గది మధ్యలో పెట్టాను.

ఈ సంగతి నేను బావకి చెప్పి ఉండకూడదు. బావ మా మేనమామ కొడుకు, నాకంటే పదకొండు నెలలు పెద్ద. కినత్తుకడవులో కొబ్బరి తోపు, మోటారు సైకిలు, నవ్వితే పడే సొట్ట, అన్నీ వాడికే. నాకున్నది ఆ గది ఒక్కటే. అది చూద్దామని పక్క కంప్యూటరు ముందు కూర్చున్నాడు. గదిలోకి వచ్చేవాళ్ళకు మూడు హోదాలు ఉండేవి: యజమాని, సభ్యుడు, అతిథి. నేను వాడిని అతిథిగా రానిచ్చాను.

"ఏమిరా, నేను గెస్టా?" అన్నాడు, సెంటరంతా వినబడేలా. "మీ అమ్మ పుట్టింటోణ్ణి గెస్టంటావా? ఈ మాట మా నాయన చెవిన పడితే ఏమవుతాది తెలుసునా?"

"అయ్యో, అది సుమ్మా, ఊరికే కంప్యూటరు మాట బావా."

"కంప్యూటరుకు మొరై తెలీదు. నీకూ తెలీదా?"

మొరై అంటే వరస. మేనమామ కొడుకును గడప దగ్గర నిలబెట్టడం మా ఇళ్ళలో జరగని పని. వాడికి యజమాని హోదా ఇచ్చాను. "ఆయనకిస్తే నాకెందుకు లేదు?" అని వైగై అడిగింది. ఆమెకూ ఇచ్చాను. ఒక గదికి ముగ్గురు యజమానులు! అందులో ఎవరైనా మిగతావాళ్ళను గెంటేయవచ్చు.

మర్నాటికి నా నీలం గోడలు బంగారు రంగుకు తిరిగాయి. పులిచారల సోఫా వచ్చింది. చేపల తొట్టి ఉన్నచోట నీళ్ళు చిమ్మే ఫౌంటెను. వైగై చూసి "ఇప్పుడే ఇల్లు మాదిరి ఉండాది" అంది. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు. (అమ్మ జ్వరమనుకుని మిరియాల రసం పెట్టింది.)

అసలు దెబ్బ తర్వాత తగిలింది. ఒక సాయంత్రం వైగై ఆ చెక్క పలక దగ్గర నిలబడి అడిగింది. "ఇది మీ ఇంటిపేరా? నేను ఊరి పేరనుకొన్నాను. మాదీ అదే! అట్లంటే మీరు నాకు అన్న కదా?"

బుడగలో ఆ మాట ఇంకా ఆరనే లేదు, పక్క కుర్చీలోంచి బావ నా భుజం తట్టాడు. "ఒకే ఇంటిపేరు, నీకు చెల్లెలు. మరి నాకేం కావాల? లెక్క నువ్వే చెప్పురా."

మేనమామ కొడుకుకు నా చెల్లెలు మరదలు. ప్రపంచంలో ఎవరూ చొరబడకుండా నేను కట్టుకున్న గదిలో, నా చేత్తో నేనే పలక తగిలించుకుని, నాకు చెల్లెల్నీ వాడికి మరదల్నీ సంపాదించాను.

అప్పటి నుంచి యుద్ధం. నేను ఉయ్యాల తీసేసి రెండు కుర్చీలు ఎదురెదురు మూలల్లో వేసేవాణ్ణి. మర్నాటికి ఉయ్యాల తిరిగి వచ్చేది. వాడు సినిమా పాట పెడితే నేను సుప్రభాతం పెట్టేవాణ్ణి. చివరికి తెగించాను. బావ హోదా పీకేసి, అతిథిని కూడా చేయకుండా గెంటేయాలని ఆ శనివారం ఆఫీసు నుంచి నేరుగా సెంటరుకు వచ్చాను. వాళ్ళిద్దరూ నాకంటే ముందే తెగించినట్టున్నారు. ఎర్ర పలక పక్కన లోపలున్నవాళ్ళ లెక్క చూపించేది ఆ లోకం. ఇద్దరు అని ఉంది.

బావను నేను అడగలేదు. అడిగితే ఓడినట్టే. వాడూ ఆ మాట ఎత్తలేదు. గెలిచినవాడి మౌనం అనుకున్నాను. వైగై మళ్ళీ నాకు జవాబివ్వలేదు. కొన్ని నెలలకు ఆ లోకమే మూతపడింది. తర్వాత వేరే అమ్మాయితో జరిగిన వాడి పెళ్ళిలో ఫోటోకు నవ్వాను గాని, మనసారా కాదు.

ఈ మధ్య అవినాశిలో ఒక చెవులు కుట్టే వేడుకలో ఇద్దరం పక్కపక్కన ఆకుల ముందు కూర్చున్నాం. ఇద్దరికీ బట్టతల వచ్చింది. ఎందుకో నోరు జారాను. "ఆ రోజు లోపల కూచోని బాగా నవ్వుకొని ఉంటావు బావా."

బావ సాంబారు వద్దని చెయ్యి అడ్డం పెట్టి, అలాగే ఆగిపోయాడు. "నేనెక్కడ లోపల ఉంటినిరా? నాకూ ఎర్ర పలకే వచ్చె. కినత్తుకడవు సెంటరులో కూచోని ఏడిస్తిని. నువ్వూ ఆ పిల్లా లోపల ఉండారని ఇన్నేండ్లు నీ మీద కడుపు మంట నాకు!"

వరసలన్నీ సరిచూసుకుని, కుర్చీలు దూరం జరిపి, లోకాన్ని కాపలా కాయగలననుకున్న ఆ ఇరవై ఏళ్ళ ప్రూఫు రీడరు నాకు మొదటిసారి ముద్దొచ్చాడు. వడ్డించేవాడు పాయసం పోసి వెళ్ళిపోయాడు. మేమిద్దరం తినడం మానేసి, వేళ్ళు మడిచి లెక్క పెట్టుకున్నాం. లోపల ఇద్దరున్నారు. ఒకరు వైగై. రెండో మనిషి ఎవరో మాకు ఇప్పటికీ తెలియదు.