ఆండాళ్ మాట కోసం రాజపాళయం

ఒక ఆదివారం ఉదయం మేరీ ఫోన్ చేసింది. మదురైలో ఎమ్మెస్సీ చదివిన రెండేళ్ళూ హాస్టల్లో ఒకే గదిలో ఉన్న ముగ్గురిలో మేరీ ఒకతె, ఆండాళ్ ఇంకొకతె, నేను మూడోదాన్ని. ఆండాళ్‌కి పక్షవాతం వచ్చి నాలుగు నెలలైందనీ, నడక కొంత తిరిగొచ్చింది గానీ మాట పోయిందనీ చెప్పింది. తమిళం, ఇంగ్లీషు పూర్తిగా పోయాయట. వాళ్ళది రాజపాళయం వైపు తరతరాలుగా స్థిరపడ్డ తెలుగు కుటుంబం. చిన్నప్పుడు ఇంట్లో నేర్చుకున్న తెలుగు మాత్రం అప్పుడప్పుడు ఒక్కో మాట వస్తోందట. "నాకు తెలుగు రాదు సుజాతా. నువ్వు వెళ్ళు" అంది. ఇరవై రెండేళ్ళుగా నేను ఆండాళ్‌ని చూడలేదు. పెళ్ళికి పిలిచినా వెళ్ళలేదు. ఈసారి వెళ్ళకపోతే ఇక ఎప్పటికీ వెళ్ళలేననిపించి, ఆ వారమే బయలుదేరాను.

హైదరాబాదు నుంచి మదురై దాకా విమానంలో వెళ్ళి, మర్నాడు పొద్దున్నే మాట్టుదావని బస్టాండులో ఆరున్నరకి సెంగోట్టై బస్సెక్కాను. రాజపాళయానికి టిక్కెట్టు వంద రూపాయల లోపే. దాదాపు రెండున్నర గంటల ప్రయాణం. కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంటే ఎండ పడదు, శ్రీవిల్లిపుత్తూరు దగ్గర పడుతుండగా కొండలు బాగా కనిపిస్తాయి. నేను మాత్రం వాటిని సరిగా చూడలేదు. మా రెండో అంతస్తు గది, మూడు ఇనుప మంచాలు, వేసవిలో ఆండాళ్ ఊరినుంచి తెచ్చి మంచం కింద గోనెసంచిలో మగ్గేసిన మామిడికాయలు గుర్తొస్తున్నాయి. ఆ వాసన వరండా చివరి గది దాకా వెళ్ళేది. మొదటి సంవత్సరం నాకు అమ్మవారు పోసింది. వార్డెన్ మిగతా ఇద్దరినీ వేరే గదికి మార్చేసింది. మేరీ వెళ్ళింది. ఆండాళ్ మాత్రం తనకి చిన్నప్పుడే వచ్చిపోయిందని చెప్పి నాతోనే ఉండిపోయింది. తొమ్మిది రోజులు నా పక్కలో వేపాకు మార్చింది, మజ్జిగన్నం కలిపి పెట్టింది. నేను గోకకుండా రెండు చేతులూ పట్టుకుని, పరీక్షకి స్టాటిస్టిక్స్ పాఠాలు నోటితోనే చెప్పింది.

రాజపాళయంలో దిగేసరికి తొమ్మిది దాటింది. ఆండాళ్ ఉండేది ఆ పక్కనున్న చోళపురం అనే ఊళ్ళో. టౌను బస్సులున్నాయి గానీ ఊళ్ళో ఇల్లు వెతుక్కోవాలి కదా అని మూడు వందలకి ఆటో మాట్లాడుకున్నాను. మా ఆయనతో ఫోన్లో మాట్లాడుతుంటే విని, డ్రైవరు తమిళం వదిలేసి, "నే" అనాల్సిన చోట తమిళం "దా" కలిపిన తెలుగులోకి దిగాడు.

"మీరు తెలుగా అమ్మా? మేమూ తెలుగు దా. ఏ ఊరు మీది?"

"తెనాలి. మీరు తెలుగు చదువుతారా?"

"చదివేది రాదు. మా తాతకూ రాదు. నోట్లో దా ఉండాది" అన్నాడు. ఎవరింటికని అడిగి, చెప్పగానే, "టీచరమ్మ ఇంటికా? నా కూతురికి లెక్కలు చెప్పినాది. పాపం, రొంబ మంచిది" అని గుమ్మం దాకా తీసుకెళ్ళి దింపాడు.

ఆండాళ్ భర్త శ్రీనివాసన్ కొబ్బరితోట చూసుకుంటాడు. "రాండి, రాండి. ఇల్లు దొరికిందా?" అంటూ లోపలికి తీసుకెళ్ళాడు. ఆండాళ్ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. జుట్టు సగం నెరిసింది. కుడిచెయ్యి ఒళ్ళో కదలకుండా ఉంది. నన్ను గుర్తుపట్టింది. కళ్ళు పెద్దవయ్యాయి, పెదాలు కదిలాయి, ఏ మాటా రాలేదు.

"పద్దెనిమిది ఏండ్లు తమిళ్‌లో పాఠం చెప్పినాది. ఇప్పుడు అది ఒక్క మాట రాదు" అన్నాడు శ్రీనివాసన్. "మదురైలో మాట నేర్పించే అమ్మ బొమ్మ చూపించి తమిళ్‌లో దా అడగతాది. ఇది చూస్తానే ఉంటాది. తెలుగులో అడిగేవాళ్ళు ఎవరూ లేరు. నాకు తోట పని సరిపోతా ఉండాది."

నేను పిల్లల బొమ్మల కార్డులు తెచ్చాను. గొడుగేసుకుని ఇంట్లోకి వస్తున్న మనిషి బొమ్మ చూపించి, "వచ్చాడు" అన్నాను నెమ్మదిగా. ఆండాళ్ నా నోటికేసి చూసింది. ప్రయత్నించింది. రాలేదు. ఇంకోసారి చెప్పాను. మొహం పక్కకి తిప్పుకుంది.

"అట్ల కాదమ్మా" అన్నాడు శ్రీనివాసన్. "వచ్చినాడు అని చెప్పండి. దానికి అది దా తెలుసు."

కార్డు ఒళ్ళో పెట్టుకున్నాను. నేను ఆ తెలుగు ఒకే ఒక్కసారి మాట్లాడాను, హాస్టల్ డే నాడు, స్టేజీ మీద. ఆంధ్రా నుంచి వచ్చిన మేం ఎనిమిది మందిమి ఒక నాటిక వేశాం. అందులో నేను మా గది ఆండాళ్ వేషమే వేశాను. ఆమెలాగే జడ వేసుకుని, ఆమె తన అమ్మతో ఫోన్లో మాట్లాడే మాటలన్నీ సాగదీసి పలికాను. హాలంతా పగలబడి నవ్వింది. ముందు వరసలో ఆండాళ్ కూడా నవ్వుతూ చప్పట్లు కొట్టింది. మర్నాటి నుంచి నాతో ఇంగ్లీషులోనే మాట్లాడింది. మంచినీళ్ళు అడిగినా ఇంగ్లీషే. కోపంగా కాదు, మర్యాదగా. మరో ఏడాదిపాటు అదే గదిలో ఉన్నాం. మా మధ్య తెలుగు మళ్ళీ రాలేదు. ఎందుకని నేను అడగలేదు. నాకు తెలుసు కాబట్టే అడగలేదు.

ఇప్పుడు ఆమె ఎదురుగా కూర్చుని మళ్ళీ ఆ యాసలో మాట్లాడాలి. కార్డు మళ్ళీ పైకెత్తాను. "వచ్చినాడు" అన్నాను, వీలైనంత మామూలుగా.

ఆండాళ్ చాలాసేపు నన్నే చూసింది. తర్వాత, "వచ్చి... నాడు" అంది.

శ్రీనివాసన్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఇంకో కార్డు, ఇంకో కార్డు. ప్రతి మాటా అతను ముందు చెప్పేవాడు, నేను అతనిలాగే పలికేదాన్ని, ఆండాళ్ నా నోరు చూసి అనేది. గంటలో పదకొండు మాటలు వచ్చాయి. "మీరు ఉండండి, రసం తాలింపు పెట్టి వస్తాను" అని అతను వంటింట్లోకి వెళ్ళాక, మేమిద్దరమే మిగిలాం.

"ఆ నాటకం... నేను చేసింది తప్పు ఆండాళ్. అప్పుడే చెప్పాల్సింది" అన్నాను.

ఆమె కళ్ళు మూసుకుంది. మాట వెతుక్కుంటోందని తెలుస్తూనే ఉంది.

"నవ్వినారు" అంది. కొంచెం ఆగి, "అందరు" అంది. తర్వాత చాలాసేపటికి, "నేను... ఏడ్చినాను. బాత్రూములో."

నాకు తెలియదు. పక్క మంచం మీదే పడుకున్న నాకు తెలియదు. తలవంచుకుని కూర్చున్నాను. ఎదురుగా ఏదో కదిలిన చప్పుడైంది. ఆండాళ్ బల్ల మీది కార్డుల కట్టని తన ఎడమచేత్తో నా వైపు తోస్తోంది.

"చెప్పు" అంది.

చెప్పాను. మధ్యాహ్నం శ్రీనివాసన్ అన్నం, వంకాయ పులుసు, రసం వడ్డించాడు. భోజనమయ్యాక ఆండాళ్ అలిసిపోయి నిద్రపోయింది. మూడింటికి ఆటోలో తిరిగి రాజపాళయం చేరి, మదురై బస్సు పట్టుకున్నాను.

ఆండాళ్ నన్ను క్షమించిందో లేదో నాకు తెలియదు, అడగదలచుకోలేదు కూడా. చదువుకునే రోజుల్లో ఒకే గదిలో ఉన్నామంటే ఒకరి గురించి ఒకరికి అంతా తెలుసనుకుంటాం. నాకు తెలిసింది చాలా తక్కువ. ఇప్పుడు రోజూ పొద్దున ఏడింటికి ఫోన్లో ఒకరినొకరు చూసుకుంటూ ఇరవై నిమిషాలు మాటలు చెప్పుకుంటాం. నేను తప్పు పలికితే ఆమె తల అడ్డంగా ఊపుతుంది. నేను దిద్దుకుంటాను. మాట పోయిన స్నేహితుల్ని చూడడానికి మీరెవరైనా వెళ్ళేటట్లయితే ఒక్క సంగతి: పొద్దున్నే చేరేలా బస్సు చూసుకోండి. మధ్యాహ్నానికి వాళ్ళు అలిసిపోతారు. మీరు చెప్పాల్సింది ఏదైనా ఉంటే, ఆలోపే చెప్పేయండి.