ఊపిరి తీయని రాగం

ఇకమీదట తుడవమని నాకు ఏ వస్తువూ ఇవ్వకండి. నిజం చెప్పమని అసలే అడగకండి. రెండింటికీ ఓపిక అయిపోయింది. టీ పోసుకోండి, చెబుతాను.

నేను ఎమ్మిగనూరు బడిలో, మా పిల్లలిద్దరూ బళ్ళారిలో మా అక్క దగ్గర, అని మీకు తెలుసు కదా. వాళ్ళకు జ్వరం వచ్చి తగ్గాకే నాకు తెలుస్తుంది. అందుకే వాళ్ళు నోరు తెరిచి ఏదైనా అడిగితే కాదనలేను. పోయినసారి మావాడు అడిగాడు. "అమ్మా, పెద్దమ్మ గ్రామఫోను కొనింది. అందరికంటే ఎవరి ప్లేట్లు ఎక్కువ అమ్ముడుపోతాయో, ఆయన నాటకం పద్యాల ప్లేటు తీసుకురా."

ఆదోనిలో అంగడాయన్ను అడిగాను. "పత్తి అమ్ముకున్నోళ్ళు వస్తానే ఈయప్ప ప్లేటే అడుగుతారమ్మా. వచ్చింది వచ్చినట్టే ఖాళీ!" అన్నాడు. ఒకరి మాట నమ్మే మనిషినా నేను? ఇంకో అంగడిలో కూడా అడిగి, మళ్ళీ మొదటి అంగడికే వచ్చి కొన్నాను. పాడినాయన పేరెందుకు లెండి, మీలో ఆయన పక్షం వాళ్ళూ ఉంటారు, కానివాళ్ళూ ఉంటారు.

ఇంటికొచ్చి చూస్తే ప్లేటు నిండా దుమ్ము! పిల్లలకు దుమ్ము ప్లేటు ఇస్తానా? పాత పంచె గుడ్డతో, చంటిబిడ్డకు ఒళ్ళు తుడిచినట్టు తుడిచాను. తుడిచాక చూస్తే అడ్డంగా ఒక గీత! అప్పుడు గుర్తొచ్చింది, గాజుకు వేలాడుతున్న పిన్నీసు. దాని నోరు సరిగ్గా పడదు. ఎప్పుడు చూసినా తెరుచుకునే ఉంటుంది.

అసలు పాడుతుందో లేదో చూడకుండా పిల్లలకెలా ఇవ్వను? ఎదురింట్లో మగ్గం నేసే రంగప్పకు గ్రామఫోను ఉంది. పోయాను. అప్పటికే ఆయనకూ, పక్క మగ్గం హుసేనుకూ వాదులాట, ఏ పద్యగాడు గొప్పని.

"మా ఆయప్ప రాగం తీస్తే సగం బీడీ కాలిపోతాది," అంటున్నాడు హుసేను.

"ఇదో, మావోడి ప్లేటు వచ్చింది. ఇను!" అని రంగప్ప నా చేతిలోది లాక్కున్నాడు.

పద్యం బాగానే సాగింది. చివర్లో రాగం అందుకున్నాడు. ఆ... ఆ... ఆ... ముల్లు గీతలో పడింది! ఆ... ఆ... ఆ...

"ఊపిరే తీయడేమప్పా!" రంగప్ప లేచి నిలబడ్డాడు. వీధిలో పోయేవాళ్ళు లోపలికొచ్చారు. హుసేను బీడీ ముట్టించాడు. బీడీ అయిపోయింది, రాగం అయిపోలేదు.

"రంగప్పా, అది రాగం కాదు. ప్లేటు మీద గీత పడింది. ముల్లు అక్కడక్కడే తిరుగుతోంది," అన్నాను.

"ఊరకుండు టీచరమ్మా. నీకు పాఠాలు తెలుసు, సంగీతం తెల్దు."

ఇంతలో గ్రామఫోనుకు తిప్పిన కీ అయిపోవచ్చి గొంతు బొంగురుగా కిందికి దిగింది.

"సూడు సూడు! అంతసేపు పాడి, ఇంకా కిందికి దించుతాండాడు!"

గ్రామఫోను ఆగింది. హుసేను తల వంచాడు. "ఒప్పుకుంటినప్పా. మీవోడే నెంబర్ వన్." చప్పట్లు! వన్స్ మోర్! నేను గాజు చూపించాను, పిన్నీసు చూపించాను. చూసినవాళ్ళు లేరు.

ఆదివారం రంగప్ప ఆదోనికి పోయి అదే ప్లేటు కొన్నాడు. సాయంత్రానికి మొహం వేలాడేసుకుని మా ఇంటికొచ్చాడు.

"మోసం టీచరమ్మా! దీంట్లో రాగం ఇట్లనేలోపలే ఐపోతాది. ఇది డూప్లికేటు. నీదే అసలుది. ఇది తీసుకుని అది నాకియ్యి."

గీత పడ్డది ఇచ్చి మంచిది పుచ్చుకోవడమా? మనసొప్పుతుందా? వాకిట్లో ఎండకు పెట్టి మరీ గీత చూపించాను.

"అసలుదానికి గుర్తే అది!" అంటూ తన ప్లేటు నా చేతిలో పెట్టి, నాది పట్టుకుపోయాడు.

ఇక బళ్ళారి ప్రయాణం. ఈసారి ప్లేటు తుడవలేదు. దాని జోలికే పోలేదు. గాజుకున్న పిన్నీసు ముందే తీసేశాను. పారేస్తే ఎవరి కాలికి గుచ్చుకుంటుందో అని జాకెట్టుకు పెట్టుకున్నాను. బస్సు గుంతల్లో ఎగిరినప్పుడల్లా ప్లేటును గుండెకు అదుముకున్నాను. ఆదోనిలో బస్సు మారేటప్పుడు కూడా కింద పెట్టలేదు.

అక్క ఇంట్లో చూస్తే అట్టకవరుకు చిల్లు. లోపల గీత. జాకెట్టుకు పిన్నీసు, నోరు తెరుచుకుని!

నేను చెప్పేలోపలే మావాడు ప్లేటు లాక్కుని పెట్టేశాడు.

ఆ... ఆ... ఆ...

పిల్లలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అమ్మా, ఎంత ఊపిరో!" అంది మా అమ్మాయి. మావాడు పరుగెత్తి పక్కింటి పిల్లలందరినీ పిలుచుకొచ్చాడు. "ఇట్లాంటి ప్లేటు ఎవరింట్లోనూ లేదు. మా అమ్మ తెచ్చింది!" అని చెబుతున్నాడు.

చెబుదామని నోరు తెరిచాను. మళ్ళీ మూసుకున్నాను.

ఏం చేయను, నాకు సంగీతం తెలియదు కదా!