నాయన వాదించని కేసు

నాయన పోయిన రోజు ఉదయం పొయ్యి మీద పాలు ఉన్నాయి. ముందు గదిలోంచి అమ్మ పిలిస్తే వెళ్లాను. నాయన కుర్చీలో నిద్రపోతున్నట్టే ఉన్నాడు. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. వెనక్కి వచ్చి పాలు దించి మూత పెట్టాను. ఆ తర్వాత తమ్ముడికి ఫోన్ చేశాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. అంత మామూలుగా ఉంది.

నాయన ఆత్మకూరులో ఉండి కార్మికుల కేసులు చూసే లాయరు. బస్సు కండక్టర్లు, మిల్లు హమాలీలు, పంచాయతీలో ఊడ్చేవాళ్లు, ఉద్యోగం పోయినవాళ్లు, దెబ్బ తగిలినవాళ్లు మా ఇంటికి వచ్చేవాళ్లు. యజమానుల తరఫున ఒక్క కేసు కూడా పట్టలేదు. అమ్మ పల్లెలో టీచరు, తొలి బస్సుకే వెళ్లిపోయేది. అందుకని నా జడలు వేసే పని నాయనది. వరండాలో నన్ను స్టూలు మీద కూర్చోబెట్టుకుని, నోట్లో రిబ్బను పట్టుకుని, బెంచీ మీదున్న మనిషిని "ఛార్జిషీటు ఎప్పుడిచ్చినారు?" అని అడిగేవాడు. జడలు మరీ బిగువుగా వేసేవాడు. మధ్యాహ్నం దాకా నా కనుబొమలు పైకి లాగినట్టుండేవి.

నేను డిగ్రీ చదివేటప్పుడు ఉదయగిరి నుంచి ఒకామె భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. ఆమె అక్కడ మా నాయనవాళ్ల చర్చికి వచ్చే మనిషే. ఆమెకు కుడి చెయ్యి మణికట్టు దాకా లేదు. దుత్తలూరు దగ్గర కంకర క్రషర్లో పనిచేస్తుంటే బెల్టులో పడి నలిగిపోయిందట. ఆ క్రషర్ మా మామది, అమ్మ సొంత అన్నది. ఆమె తన దగ్గర పనే చెయ్యలేదనీ, చెత్త ఏరుకోవడానికి వచ్చి బెల్టులో చెయ్యి పెట్టిందనీ మామ అంటున్నాడు. రిజిస్టర్లో ఆమె పేరు లేదు. తోటి కూలీలు సాక్ష్యానికి భయపడుతున్నారు.

నాయన అంతా విని, "అమ్మా, ఆయన నా భార్య అన్న. ఈ కేసు నేను పట్టకూడదు. నా జూనియర్ చూస్తాడులే. కానీ నువ్వు ఆడ పనిచేసినావని ఎవురో ఒకరు చెప్పాల" అన్నాడు.

అమ్మ గడప దగ్గర కూర్చుని పిల్లల నోటుబుక్కులు దిద్దుతోంది. తల ఎత్తకుండానే, "నేను చెప్తా. పోయిన క్రిస్మస్ ముందు అన్న క్రషర్ దగ్గరికి పోయినప్పుడు ఈమె తట్ట మోస్తా ఉండింది. నా కళ్లతో చూసినాను" అంది.

"నువ్వు రావద్దు. నీకుండేది ఒక్క అన్న" అన్నాడు నాయన.

"అట్టని చూసింది చూడలేదంటానా?"

వచ్చినవాళ్లు వెళ్లిపోయాక కూడా నాయన మళ్లీ మళ్లీ వద్దన్నాడు. అమ్మ వినలేదు.

విచారణ నెల్లూరులో జరిగింది. నేనూ వెళ్లాను. జూనియర్ వాదించాడు. నాయన వెనక వరసలో, కోటు లేకుండా, మామూలు చొక్కాతో కూర్చున్నాడు. అలా చేతులు కట్టుకుని కూర్చోవడం ఆయనకు చేతకాదు, మాటిమాటికీ ముందుకు వంగుతున్నాడు. మామ తరఫు లాయరు అమ్మను, "ఇట్లా చెప్పమని మీ ఆయన పంపించినాడా?" అని అడిగాడు.

"ఆయన రావద్దన్నాడు" అంది అమ్మ.

ఎవరో నవ్వారు. మామ మాత్రం నేల వైపే చూస్తున్నాడు.

ఆమెకు నష్టపరిహారం ఇమ్మని తీర్పు వచ్చింది. మామ ఇచ్చాడు. మా ఇంటికి రావడం మానేశాడు. నా పెళ్లికి పిలవడానికి అమ్మ వెళ్తే గేటు దగ్గరే కార్డు తీసుకుని లోపలికి రమ్మనలేదు. పెళ్లికి రాలేదు. ఆ రోజు తలంబ్రాలు లేని మా చర్చి పెళ్లిలో మేనమామ కూర్చోవాల్సిన ముందు వరస కుర్చీ చివరి దాకా ఖాళీగా ఉంది. తీయించమంటే నాయన ఒప్పుకోలేదు.

నాయన ప్రాక్టీసు మానేశాక పుస్తకాలన్నీ జూనియర్‌కు ఇచ్చేశాడు. ఉదయం తన చొక్కా తానే ఇస్త్రీ చేసుకుని, వెల్లుల్లి వలిచి అమ్మకు ఇచ్చి, పేపరు చదివేవాడు. ఒకసారి, నేను అడగకుండానే, "గెలిచినవి చానా మర్చిపోయినా. మీ అమ్మను సాక్షిగా నిలబడనిచ్చింది మటుకు మర్చిపోలేదు" అన్నాడు.

"తప్పంటావా నాయనా?"

"ఆ చెయ్యి పోయినామెకు తప్పు కాదు" అన్నాడు. పేపరు మడిచి పక్కన పెట్టి, "మీ అమ్మకు అన్న లేకుండా పోయినాడు" అన్నాడు. మళ్లీ పేపరు తీసుకున్నాడు. ఏదో ఒకటి నేను అనవలసిందని ఇప్పుడు అనిపిస్తుంది.

నాయనను ఉదయగిరిలో కొండ కింద సమాధుల దొడ్లో పూడ్చాము. పాస్టరు ప్రార్థన చేస్తుంటే నేను ఎంతమందికి భోజనాలు కావాలో లెక్కేసుకుంటున్నాను. ఆ క్రషర్ ఆమె వచ్చింది. ఎడమ చేత్తో మట్టి తీసి వేసి పక్కకు జరిగింది. ఆమె వెనక కర్ర పట్టుకుని మామ నిలబడి ఉన్నాడు. ఆమె జరిగిన చోటికి వచ్చి ఆయనా వంగి మట్టి వేశాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

తర్వాత మామ అమ్మ దగ్గరికి వచ్చి, "నాకెవురూ చెప్పలేదు. బస్టాండులో ఇన్నాను" అన్నాడు.

"చెప్తే వస్తావని తెలీదు" అంది అమ్మ.

"వచ్చినా గదా."

అమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. ఏడవలేదు. "ఎండలో ఉండావు, కూచో" అంది. కుర్చీ నేనే తెచ్చి వేశాను.

ఇది చూస్తే నాయన ఎంత సంతోషించేవాడో నాకు తెలుసు. తెలిసిందే తప్ప ఆ సంతోషం గానీ, ఆయన చూడలేదన్న బాధ గానీ నా దాకా రాలేదు. దూరంగా ఎవరింట్లోనో జరుగుతున్నట్టుగా ఉంది.

మామ ఇప్పుడు నెలకోసారి ఆత్మకూరు వస్తాడు. మజ్జిగ తాగి, మోకాళ్ల నొప్పుల గురించీ, మాత్రల గురించీ అమ్మతో మాట్లాడతాడు. కేసు ఊసు ఇద్దరూ ఎత్తరు. నేనూ అమ్మలాగే టీచరునే, పక్క గదిలో పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ వాళ్ల మాటలు వింటాను. మంచిదే అనుకుంటాను. తర్వాతి పేపరు తీసుకుంటాను.