గేటు గది గీత

గుండ్లపోచంపల్లిలో మేం పనిచేసే గోదాములో మధ్యాహ్నం అయిందంటే చాలు, నెట్ నత్తనడక నడిచేది. బిల్లు రాదు. బిల్లు లేనిదే లారీ కదలదు. డ్రైవర్లు వచ్చి నా మీద ఎగిరేవారు. కంప్యూటర్లు చూసుకునేవాణ్ణి నేనే కదా, అక్కడికి నెట్‌ను నేనే జేబులో దాచుకున్నట్టు!

"ఎవడో సినిమాలు జూస్తున్నడు. ఎవడో పట్టు, ఇగ వాని సంగతి నేను జూస్త" అన్నాడు ఓనరు, నగరంలో సుచిత్ర దగ్గరున్న తన ఇంటి నుంచి ఫోన్లో.

కంప్యూటర్ల వైర్లన్నీ వచ్చి చేరే పెట్టెను స్విచ్ అంటాం. మాది కాస్త తెలివైన రకం. ఏ పోర్టులో, అంటే వైరు గుచ్చే రంధ్రంలో, ఎంత డేటా పోతోందో అడిగితే చెబుతుంది. ఆ అడిగే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరికితే ఓ పాత కంప్యూటర్లో ఎక్కించాను. అది ఒక్కో పోర్టుకు ఒక్కో గీత గీస్తుంది, డేటా పెరిగితే గీత పైకి లేస్తుంది. ఏ పోర్టు వైరు ఎక్కడికి పోతుందో స్విచ్ బిగించిన నాటి నుంచీ నాకు తెలుసు కాబట్టి ఆ పేర్లే పెట్టాను: బిల్లింగు, క్యాబిన్, గేటు గది.

మధ్యాహ్నం కాగానే ఒక గీత తాటిచెట్టులా లేచింది. కింద పేరు చూస్తే గేటు గది!

నాకేమీ అర్థం కాలేదు. గేటు గదిలో కూర్చుని బండ్ల నంబర్లు ఎక్కించేది శామీర్‌పేట నుంచి వచ్చే అక్క. వాళ్లాయన చెరువులో చేపలు పట్టేవాడు, ఇప్పుడు కూలి దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. ఇల్లు ఈమె జీతం మీదే నడుస్తోంది. ఆ డొక్కు కంప్యూటర్లో ఒక పాట పెడితేనే ఊపిరాడదు, సినిమా ఎట్లా ఆడుతుంది? అయినా ఓనరు అడిగాడని గీత ఫొటో పంపాను.

"రేపటి సంది రావొద్దని జెప్పు గామెకు" అన్నాడు.

గేటు దగ్గరికి పోయి అడిగాను.

"అక్కా, ఏం జేస్తున్నవ్ దీంట్ల?"

"ఏం జేస్త తమ్మీ, బండ్ల నంబర్లు కొడుతున్న. ఏమన్న తప్పు కొట్టిన్నా?"

సంగతి చెప్పాను. ఆమె కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. "నాకు గా సినిమాలు పెట్టుడే రాదు తమ్మీ. నీ కాల్మొక్త, సారుకు నువ్వే జెప్పాలె."

ఆమె కంప్యూటర్ కట్టేసి ఫోన్లో గీతలు చూశాను. గేటు గది గీత చెక్కు చెదరలేదు. పడిపోయింది క్యాబిన్ గీత! ఇక్కడ ఆపితే, తాళం వేసిన ఓనరు క్యాబిన్లో పడటమేంటి? ఊరకే వచ్చిన సాఫ్ట్‌వేర్ కదా, పిచ్చెక్కిందనుకుని ఆఫీసుకు పోయి ఇంకో ఉచితమైనది ఎక్కించాను. అదీ అదే పాట. నా బుర్ర గిర్రున తిరిగింది.

చివరికి స్విచ్ ఉన్న బీరువా తెరిచాను. పెట్టె ముఖం నిండా పసుపు, కుంకుమ, ఎండిన బంతి రేకులు. ఓరి నాయనో! నేను సెలవులో ఉన్న దసరా రోజు ఆయుధపూజ అని మావాళ్లు లారీలతోపాటు దీన్నీ వదల్లేదు. వైర్లన్నీ పీకి, తుడిచి, బొట్లు పెట్టి, ఏ రంధ్రం ఖాళీగా కనిపిస్తే దాంట్లో గుచ్చేశారు. నెట్ వచ్చింది, కొబ్బరి పంచుకున్నారు, అయిపోయింది. నా సాఫ్ట్‌వేర్లో మాత్రం పాత పేర్లే. గేటు గది అని చూపేది ఇప్పుడు ఇంకెక్కడి వైరో!

తాటిచెట్టులా లేచిన గీత పోర్టులోని వైరు పట్టుకుని పోతే ఓనరు క్యాబిన్ వచ్చింది. తాళం తీయించాను. వైరు దిగింది కెమెరాల పెట్టెలో. గోదాములోని కెమెరాలన్నీ చూపేది ఆ పెట్టె నుంచే ఆయన ఇంటి టీవీకి పోతోంది. రోజూ భోంచేసి కూర్చుని మమ్మల్నే చూస్తున్నాడు మహానుభావుడు!

ఒళ్లు మండింది. ఫోన్ చేసి చెప్పాను.

"గట్లనా... సరే, గామెను ఉండమను" అని పెట్టేశాడు.

గేటుకు పరుగెత్తాను. అక్క సంచి సర్దుకుని, తాళాలు బల్ల మీద పెట్టి కూర్చుంది. "నీ నౌకరి యాడికి పోలే అక్కా" అని జరిగిందంతా చెప్పాను. ఏడుస్తుందో నవ్వుతుందో అనుకున్నాను. ఆమె తలెత్తి, గది మూలనున్న కెమెరాను చూసింది.

"గిప్పుడు గూడ జూస్తున్నడా?"

ఫోన్ తీశాను. గీత ఇంకా పైనే ఉంది. అవునన్నాను.

కొంగు భుజాల నిండా కప్పుకుని, కంప్యూటర్ వేసి, బయట ఆగిన లారీ నంబరు కొట్టడం మొదలుపెట్టింది. ఆనాటి నుంచి మధ్యాహ్నం అన్నం మాత్రం గది బయటే, ఎండలో నిలబడి తింటోంది.