బండింట్ల ఎనిమిది దుంగలు

మా పడుచుతనంల కాయిదం పట్టుకున్నోడు ఆఫీసరు, పార పట్టుకున్నోడు మనిషి. గంతే లెక్క. నేను పార పట్టుకున్నోన్ని. అక్షరాలు నేర్చుకున్నది నలభై దాటినంక, మా బిడ్డ పలక మీద. మొన్న ఆ బిడ్డ బిడ్డ, అంటే నా మనుమరాలు, ఫోన్ల ఒక బండిల్లు చూపిచ్చింది. పెద్ద ట్రాలీ, దాని మెడ ముందున్న బండి వీపు మీద కూసుంటది. లోపట వంటిల్లు, సోఫా, పడకగది, తానాల గది. వంటిల్లు పెంచితే పడకగది తగ్గుతది, నీళ్ల ట్యాంకు పెంచితే బరువైతదని దాన్ని చూపించేటాయన తల గోక్కుంటున్నడు. "తాతా, గిసొంటిది ఎన్నడన్న చూసినవా" అని అడిగింది. చూసుడేంది, చేసిన అన్న. అది నమ్మలే. (దాని లెక్కల తాతంటే దగ్గు, మందుల డబ్బ.) అందుకే గిది రాస్తున్న.

అప్పటికి నేను గోదావరిఖనిల బొగ్గుబాయిల దిగబట్టి రెండేండ్లు. నా పని దుంగలు మోసుడు. బొగ్గు తీసిన కాడ కప్పు కూలకుండ కర్ర దుంగలు నిలబెడ్తరు, అవి మోసుకొచ్చి ఇచ్చేటోన్ని. మా అన్న అదే బాయిల బొగ్గు నింపేటోడు. ఒకనాడు ఫస్టు షిఫ్టుల అన్న మీద కప్పు కూలింది. ఆ కాడ పెట్టాల్సిన దుంగ నా భుజం మీదనే ఉండె. నేను ఇంక ఇరవై అడుగుల దూరంల ఉన్న. అంతకుముందు చాయ తాగుకుంట ముచ్చట పెట్టి కొంచెం ఆల్చం చేసిన. ఆ సంగతి అన్నకు తెలుసు, నాకు తెలుసు. ఎన్నడు మాట్లాడుకోలే. అన్నకు పాణం దక్కింది, నడుము కింద ఏదీ దక్కలే. క్వార్టర్ల రేకుల కింద మంచం మీద రెండేండ్లు పండుకున్నడు.

ఆయనకు ఒక్కటే కోరిక. పుట్టినప్పటి సంది గోదారి నీళ్లు తాగుతున్నం, గిన్ని నీళ్లు పొయ్యి పొయ్యి సముద్రంల ఎట్ల కలుస్తయో చూడాలె, తీస్కపోరా అన్నడు. దవాఖానల అడిగితే, కూసొని పోతే వీపు పుండ్లు పగుల్తయి, పండుకొనే పోవాలె అన్నరు. నన్ను పక్కకు పిలిచి, ఏం చూపిచ్చేదున్నా వానలు పడకముందే చూపిచ్చు అని కూడ అన్నరు. అది ఎండకాలం. ఆ మాట నేను వదినకు చెప్పలే.

మెకానిక్ ఉస్తాద్ మాకు దోస్తు. ఇంట్ల ఉర్దూ, మాతోని తెలుగు, తిట్టేటప్పుడు రెండూ. ఆయనకాడ వెనుక సగం కోసేసిన పాత జీపు, చెట్టు కింద పడున్న ఒక ట్రాలీ ఉండె. పెద్ద మిషన్లు తెచ్చే లారీలను చూసిండు కాబట్టి ఆయనకు ఒక తెలివి దొరికింది: ట్రాలీని జీపు తోకకు కడితే కుక్క తోకలెక్క ఊగుతది, మెడ పొడుగు చేసి జీపు నడుము మీద కూసుండబెడితే రోగి కదలకుండ పోతడు. "ఫికర్ చెయ్యకు ఛోటే, మీ అన్నను పల్లకిల తీస్కపోత" అన్నడు.

నక్ష గీసుటానికి మా ముగ్గురిల ఎవ్వలికి కాయిదం మీద చెయ్యి తిరగదు. వదిన ముగ్గుపిండి తెచ్చి క్వార్టరు ముంగట అసలు కొలతకే గీసింది. మేం అండ్ల పండుకొని, కూసొని, వంగి చూసుకున్నం. జీపు మీదికొచ్చే మెడ కాడ ఎత్తు జాగ ఒకటి మిగిలింది. అన్నను అక్కడికి ఎక్కిచ్చుడు మాతోని కాదు. వదిన పొయ్యి పెడ్తనన్నది. కింద డీజిల్ ట్యాంకు ఉంటదమ్మా, సముద్రం దాంక ఎందుకు, గీ మూలమలుపు కాడనే స్వర్గం చూస్తం అన్నడు ఉస్తాద్. ఆ జాగ నా పడకకు పోయింది. అన్న మంచం ఇరుసు మీద పెడితే కుదుపు తక్కువ, కిటికీ దూరం. కిటికీ దగ్గర పెడితే కుదుపు ఎక్కువ. నీళ్ల డ్రమ్ము పెద్దదైతే వదిన కూసునే జాగ పాయె. వదిన అద్దం అడిగింది, నేను ఫ్యాను అడిగిన, ఉస్తాద్ తానాల గది అడిగిండు. (ఆయన తానం చెయ్యంగ నేనెన్నడు చూడలే.) మూడు దినాలు వాదులాట. తమాషా ఏందంటే ముగ్గుగీత దాటుడు ఎవ్వనికి మనసొప్పలే. ఉస్తాద్ సుత చుట్టు తిరిగొచ్చి, ముగ్గుల గీసిన తలుపుల నుంచే లోపటికొచ్చేటోడు.

ఆఖరుకు వాదులాటలన్నీ తెగినయి. పలకలతోని గోడలు, మీద రేకులు. అప్పుడు నేను పాడు చేసిన. కప్పున్నంక దుంగ ఉండాలె కదా. పల్చటి రేకులు, ఎత్తితే ఒక్కని చేతికొస్తయి, వాటికి దుంగలెందుకని ఉస్తాద్ నెత్తి కొట్టుకున్నడు. నేను ఇనలే. ఎనిమిది దుంగలు, బాయిల పెట్టినట్టే, అటు నాలుగు ఇటు నాలుగు నిలబెట్టి మేకులు కొట్టిన. గడ్డపారతోని రేకులను కొట్టి సప్పుడు ఇన్న. బాయిల కప్పు గట్టిగుందా లేదా గట్లనే ఇంటం. రేకు రేకులెక్కనే మోగింది. నాకు నిమ్మళమైంది.

బండింటిని క్వార్టరు ముంగటికి తెచ్చిననాడు వాడంత కూడింది. నలుగురం అన్నను మంచంతోని లేపి తలుపుల నుంచి తోసినం. సగం పోయింది, ఆగింది. అటు తిప్పినం, దుంగ. ఇటు తిప్పినం, దుంగ. మంచం కాళ్లు లోపట, తలాపు బయట, అన్న నడిమిట్ల. పల్లకి మస్తుగుంది అని ఎవ్వరో అన్నరు, అందరు నవ్విన్రు. వదిన నవ్వలే. అన్న పండుకున్న కాడికెల్లే ఒక్కొక్క దుంగను చూసుకుంట పోయిండు. ఎనిమిదో దానికాడ ఆగి నా దిక్కు చూసిండు.

"అన్నీ ఇప్పుడు తెచ్చినవారా" అన్నడు.

కోపంతోని అనలే. నవ్వుకుంటనే అన్నడు. నాకు మంచం కోడు చేతిలకెల్లి జారబోయింది, ఉస్తాద్ పట్టుకున్నడు. అన్ననే మల్ల అన్నడు: "పీకెయ్. ఆ కప్పు కూడ పీకెయ్. కప్పు లేకుంటే దుంగలెందుకురా."

పీకినం. కప్పు పోతే గోడలు నిలబడవని అప్పుడు తెలిసింది, అవి కూడ పీకినం. అద్దం పోయింది, ఫ్యాను పోయింది, మూడు దినాల వాదులాట పోయింది. ఆఖరుకు మిగిలింది ఉత్త ట్రాలీ, దాని మీద ఒక మంచం, పక్కన గొడుగు పట్టుకొని వదిన. గట్ల ఎండల సముద్రం దాంక పోయేది కాదని అందరికి ఎరుకే. గోదారి ఒడ్డు దాంక పోయినం. ఎండకాలం కదా, ఇసుకనే ఎక్కువ, నడుమ సన్నగ నీళ్లు. పొద్దుగూకే యాళ్లకు వదిన గొడుగు ముడిచింది. అన్న నీళ్లను కొంచెంసేపే చూసిండు. మిగిలిన యాళ్లంత మీదికి చూసుకుంట పండుకున్నడు. రెండేండ్లకు మొదటిసారి ఆయన మీద ఏ కప్పూ లేదు. సముద్రం సంగతేంది అన్నా అని నేనే అడిగిన. నీళ్లు పోతయి తియ్యి, వాటికి తొవ్వ ఎరుకే అన్నడు.

వానలు పడ్డయి. అన్న పోయిండు.

ఇప్పుడు నేనుండేది స్లాబు ఇల్లు. పొద్దున లేవంగనే చేతికర్రతోని స్లాబును రెండు దెబ్బలు కొట్టి సప్పుడు ఇంట. మనుమరాలు నవ్వుతది. దాని ఫోన్ల చూసిన బండింటికి మంచం మీదున్న కప్పుకే అద్దం పెట్టిన్రు, పండుకుంటే ఆకాశం కనబడుతది. అద్దం. ఎంత సులువు. అప్పటి నాకు, ఇరవై రెండేండ్ల ఆ పోరనికి, గా తెలివి ఎక్కడిది, వానికి ఎరుకైంది దుంగ మోసుడొక్కటే. యాదికొస్తే వాన్ని చూసి నవ్వొస్తది నాకు. దుంగ భుజం మీద పెట్టుకొని ఇంక ఉరుకుతనే ఉన్నడు, పిచ్చోడు.