మోరీ నీళ్లకు మొదటి మార్కు

యంత్రం నీళ్లు తాగితే షుగర్ గోళీలు అక్కర్లేదని మా అక్కకు చెప్పారు. అక్క మానేసింది. ఇది ఘోరం; ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఆ రోజుల్లో నాకు అరవై దాటి ఎంతో కాలం కాలేదు కాబట్టి కుర్రతనమనే అనాలి. మెట్టుగూడలో అక్క ఇంట్లో స్త్రీల కూడిక అయ్యాక, చాయ్ వేళకు టై కట్టిన అబ్బాయి ఒకడు నీళ్ల యంత్రంతో దిగేవాడు. (ప్రార్థన జరిగిన గదిలో అమ్మేవాణ్ని ఎవరూ అనుమానించరు, అదీ అతని తెలివి.) కలం లాంటి మీటరు నల్లా నీళ్లలో ముంచితే ప్లస్సు, యంత్రం నీళ్లలో మైనస్ రెండు వందలు. "మైనస్ అంటే యాంటీ ఆక్సిడెంట్ ఆంటీ! బాడీల తుప్పంతా సాఫ్!" బ్యాంకు ఖాతాలో మైనస్ కనబడితే గుండె పట్టుకునే ఆడవాళ్లు, అక్కడ "స్తోత్రం" అన్నారు!

నేను రైల్వే షెడ్డులో పనిచేస్తూ పాత పుస్తకాలతో సైన్సు నేర్చుకున్నవాణ్ని. నీళ్లలో క్లోరిన్ ఉంటే ఆ అంకె ప్లస్సుకు పోతుంది, ఆక్సిజన్ కరువై కుళ్లితే మైనస్సుకు దిగుతుంది. తాగినవాడి రోగం సంగతి దానికేం తెలుసు?

"అక్కా, గోళీ ఏస్కో."

"నువ్వు డాక్టర్‌వా? మీటరు అబద్ధమాడుతదా?"

మరుసటి కూడికకు మూత బిగించిన రంగు సీసాతో వెళ్లి, మీటరు అడిగి పుచ్చుకున్నాను. అక్క గ్లాసులో మైనస్ రెండు వందలు. నా సీసాలో మైనస్ మూడు వందలు! అబ్బాయి ఎగిరి గంతేశాడు (అతని సెంటు ముందు ఏ వాసనా ఆనదు).

"సూపర్ అంకుల్! ఏ కంపెనీ మిషిన్?"

"ఈ ఇంటెనక మోరీ."

మురుగు కాలవ మాట వినగానే పాస్టరమ్మగారు కప్పు కింద పెట్టేశారు. ఎవరూ ఆపేలోగా మీటరు మళ్లీ అక్క గ్లాసులో ముంచి, "చూడు, మీటరు మెచ్చిందని మోరీ తాగుతవా?" అని గర్జించాను. గెలుపు మత్తులో ఏం చేస్తున్నానో చూసుకోలేదు. ఆనాటి నా వీరావేశం గుర్తొస్తే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. అక్క గ్లాసు వైపు, నా వైపు మార్చి మార్చి చూసి, చివరికి అంది:

"గోళీ ఏస్కుంట తమ్మీ, రేపు డాక్టర్ దగ్గరికి సుత వస్త. గని మోరీల ముంచినదాన్ని కడగకుండ నా గిలాసల ముంచినవేందిరా!"